ఒంటిచేత్తో పాట: తరచుగా అడిగే ప్రశ్నలు

తెనాలిలో మా మేడ మీద గదిలో పాటలు రికార్డు చేస్తుంటాను. రాయడం, ట్యూన్ కట్టడం, గిటారు, కంజిర, గొంతు, మిక్సింగ్, ఆఖరికి వెబ్‌సైట్‌లో పెట్టడం, దాదాపు అన్నీ ఒంటిచేత్తోనే. పగలు ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను కాబట్టి ఇదంతా రాత్రుళ్లూ ఆదివారాలూ. మెయిల్లో అడిగేవాళ్లూ, వాట్సాప్‌లో అడిగేవాళ్లూ, పెళ్లి భోజనాల బంతిలో పక్కన కూర్చుని అడిగేవాళ్లూ ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతారు. వాటికి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. కొన్నిటికి ఒక్క ముక్క, కొన్నిటికి చాంతాడంత.

ముందు ట్యూన్ వస్తుందా, మాట వస్తుందా?

నాకు ఎక్కువగా ట్యూనే వస్తుంది. అదీ కావాలని కూర్చుంటే రాదు. స్కూటర్ మీద వెళ్తుంటేనో, పరీక్ష పేపర్లు దిద్దుతుంటేనో వస్తుంది. వెంటనే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ నొక్కి "తననా తాననా" అని పాడేసి, చివర్లో ఎక్కడున్నానో చెప్పి ఆపేస్తాను. "మంగళవారం, బస్టాండు, మంచి ఎండ." ఆ మూడు మాటలుంటే నెల తర్వాత విన్నా ఆ ఊపు గుర్తొస్తుంది. ఇలాంటి ముక్కలు నెలకి ఇరవై దాకా పోగవుతాయి. అందులో పాటయ్యేది ఒకటి. ఒక్కో నెల అదీ ఉండదు.

తర్వాత డమ్మీ మాటలు వేస్తాను. అర్థం ఉండక్కర్లేదు, మాత్రలు సరిపోతే చాలు. ట్యూన్ నడక మూడు, నాలుగు, మూడు, నాలుగుగా ఉందనుకోండి. మిశ్రగతి అంటారు, ముత్యాలసరం నడక కూడా అదే. "వాన వెలిసిన వీధి లోపల" అన్నారంటే సరిగ్గా పడుతుంది: వాన మూడు, వెలిసిన నాలుగు, వీధి మూడు, లోపల నాలుగు. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. ఛందస్సు నేర్చుకోకపోయినా ఫర్వాలేదు గానీ లఘువుకి ఒకటి, గురువుకి రెండు అన్నది తెలియకుండా తెలుగులో ట్యూన్‌కి మాట రాస్తే ఎక్కడో ఓ చోట బొక్కబోర్లా పడతాం.

నేను పడ్డాను. ఒక చరణంలో "మడి గట్టున" అని రాసుకున్నాను. ట్యూన్‌లో సరిగ్గా ఆ "మ" దగ్గర పొడుగు స్వరం ఉంది. సాగదీసి పాడితే మడి కాస్తా "మాడి" అయింది. కింద వంటింట్లోంచి అమ్మ "ఏంటి మాడింది?" అని కేకేసింది. తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ మధ్య అర్థమే మారిపోతుంది. కల కాల అవుతుంది, పలు పాలు అవుతుంది. అందుకే ఇప్పుడు ముందు ట్యూన్‌లో పొడుగు స్వరాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుని, అక్కడ దీర్ఘమో, "ం" తో ముగిసే మాటో పడేలా చూస్తాను. సున్నా మీద గొంతు హాయిగా ఆగుతుంది.

మీరు ఏ శ్రుతిలో పాడతారు?

ఒకటిన్నర. అంటే సీ షార్ప్. గిటారుకి మొదటి మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పు) బిగించి సీ కార్డు పట్టుకుంటే సరిపోతుంది. రాత్రి పొద్దుపోయాక గొంతు బరువెక్కి ఒకటికి దిగిపోతుంది, అప్పుడు కేపో తీసేస్తాను. మీ శ్రుతి తెలియాలంటే పల్లవిలో కాదు, చరణంలో అన్నిటికంటే పైకెళ్లే చోట పాడి చూసుకోండి. పల్లవి అందరికీ హాయిగానే ఉంటుంది.

గదికి గుడ్ల అట్టలు అంటించారా?

అంటించాను. పీకేశాను.

ఇక్కడ చాలామంది రెండు వేరువేరు సంగతులు కలిపేస్తారు. బయటి మోత లోపలికి రాకుండా ఆపడం ఒకటి. లోపల మన గొంతు గోడలకి తగిలి తిరిగి రాకుండా చూడడం రెండోది. మొదటిదానికి బరువు కావాలి: మందపాటి గోడ, సందు లేకుండా మూసుకునే తలుపు. పిడికెడు బరువు లేని గుడ్ల అట్ట రోడ్డు మీద వెళ్లే ట్రాక్టర్‌ని ఏం ఆపుతుంది? రెండోదానికి మెత్తగా, మందంగా, గాలి పీల్చుకునేట్టు ఉన్న వస్తువు కావాలి. అది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. దాని పేరు దూది పరుపు.

నేను పాడేటప్పుడు వెనకాల గోడకి రెండు పాత దూది పరుపులు నిలబెడతాను, పక్కన దండెం మీద బొంత వేలాడుతుంటుంది. మైక్ వెనకవైపు బట్టల బీరువా, తలుపులు బార్లా తీసి. నా వెనక పరుపు ఎందుకంటే, మైక్ నా వైపు చూస్తుంటుంది కాబట్టి నా వెనక గోడ నుంచి తిరిగొచ్చే ధ్వనే దానికి నేరుగా తగులుతుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక నా రికార్డింగ్ సగం బాగుపడింది. ఖర్చు సున్నా. పరుపులు ఎండలో వేసుకోవడం ఒక్కటే పని.

బయటి మోతని మాత్రం ఆపలేను, టైమ్ చూసుకుని తప్పించుకుంటాను. తెనాలి జంక్షన్. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే మెయిన్ లైను మీద ఉంది, గుంటూరు వైపు ఒకటి, రేపల్లె వైపు ఒకటి చీలతాయి. రైళ్లు ఎప్పుడొస్తాయో నాకు నోటికొచ్చు, గూడ్సు బండ్లు తప్ప. పక్కింటి బోరు మోటారు ఉదయం ఆరింటికి. ధనుర్మాసంలో తెల్లవారుజాము నుంచే గుడి మైకులో తిరుప్పావై, కాబట్టి ఆ నెల తెల్లవారుజాము రికార్డింగులు బంద్. ఇక ఎండాకాలం పాట పాడాలంటే ఫ్యాను ఆపాలి. ఫ్యాను ఆపితే చెమట, దోమలు. ఏప్రిల్, మేలలో నేను రాయడం, మిక్సింగ్ తప్ప ఏమీ పెట్టుకోను.

ఏమేం సామాను వాడతారు?

రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ గిటారునీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక డైనమిక్ మైక్, చెవులని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్, పాత ల్యాప్‌టాప్. మైక్ షూర్ ఎస్‌ఎం 58. 1966 నుంచి స్టేజీల మీద కనిపిస్తున్నదే. దీనికి నకిలీలు చాలా తిరుగుతుంటాయి, ధర మరీ తక్కువ చెబితే అనుమానించండి.

"కండెన్సర్ మైక్ కదా కొనాలి?" అని అడుగుతారు. కండెన్సర్ సున్నితమైనది, దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, ఊపిరి చప్పుడు కూడా పట్టుకుంటుంది. నిజమే, మంచి గదిలో గొంతు దాంట్లో మెరుస్తుంది. కానీ పక్క వీధిలో ఉల్లిపాయల బండి కేక కూడా అంతే మెరుస్తుంది. మామూలు ఇళ్లకి డైనమిక్కే మేలని నా అభిప్రాయం. జానెడు దూరం నుంచి పాడండి, దగ్గరగా. మైక్ ముందు అడ్డంగా కుట్టుపని రింగుకి పల్చటి నైలాన్ మేజోడు బిగించి పెట్టండి, "ప", "బ", "భ" పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ రీపర్. 60 రోజులు ఊరికే వాడి చూడనిస్తారు, తర్వాత మామూలు మనుషులకి లైసెన్స్ 60 డాలర్లు. అంతకుముందు ఆడాసిటీతో మొదలుపెట్టాను. అది పూర్తిగా ఉచితం, గొంతూ గిటారూ రెండే అయితే ఇప్పటికీ అది చాలు.

పాడుతుంటే నా గొంతు నాకే కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది. ఏం చేయాలి?

కంప్యూటర్ ధ్వనిని చిన్న చిన్న మూటలు కట్టి పంపుతుంది. మూట పెద్దదైతే ఆలస్యం పెరుగుతుంది. సెకనుకి 48,000 శాంపిళ్ల (ధ్వని తునకల) రేటులో 1024 శాంపిళ్ల బఫర్, అంటే మూట, పెడితే ఒక్కో మూటకి 21 మిల్లీసెకన్లు. 128 పెడితే మూడు లోపే. రానూపోనూ కలిపితే ఇంకా ఎక్కువ. అందుకని రికార్డు చేసేటప్పుడు బఫర్ తగ్గించండి, మిక్సింగ్‌లో పెంచుకోండి. ఇంకా తేలిక దారి, ఇంటర్‌ఫేస్ మీద "డైరెక్ట్ మానిటర్" మీట ఉంటుంది. అది వేస్తే మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండానే చెవిలోకి వస్తుంది.

రికార్డింగ్‌లో సన్నగా "హ్మ్‌మ్" అని మోత వస్తోంది.

అది మన కరెంటు. 50 హెర్ట్జ్, మంద్రంలో మోగుతుంది. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద చూడండి. చాలాసార్లు అక్కడే పోతుంది. పోకపోతే ప్లగ్గుకి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించుకోండి. మూడో పిన్ను విరగ్గొట్టి వాడే అలవాటు ఉంటే మానుకోండి, అది మోత కోసం కాదు, ప్రాణం కోసం. ఎలక్ట్రిక్ గిటారు అయితే ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైటు కూడా గొణుగుతాయి.

ఒక పాటకి ఎన్ని టేకులు? పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

నన్ను ఎక్కువగా ఏడిపించిన ప్రశ్న ఇదే, అందుకే దీనికి కాస్త పెద్ద జవాబు.

స్టూడియోకి వెళ్తే అద్దం అవతల ఒక మనిషి ఉంటాడు. మనం పాడతాం, ఆయన బొటనవేలు ఎత్తుతాడు, "ఓకే, నెక్స్ట్" అంటాడు. గంటకింత అని అద్దె నడుస్తుంటుంది కాబట్టి మనమూ ఒప్పేసుకుంటాం. ఇంట్లో ఆ మనిషి లేడు, అద్దె లేదు. ఒంటరిగా పాట చేసేవాళ్లకి ఉన్న సుఖమూ కష్టమూ రెండూ అదే, "చాలు" అనేవాళ్లు లేకపోవడం. మొదటి పాటకి పల్లవి నలభై ఒక్క టేకులు పాడాను. ఫైళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ముప్ఫై దాటాక ప్రతి టేకులోనూ స్వరం కచ్చితంగా ఉంది, గొంతులో మాత్రం మనిషి లేడు. హాజరు పిలుస్తున్నట్టు ఉంది.

ఆ రోజు అమ్మ మేడ మీదకి బట్టలు ఆరేయడానికి వచ్చింది. "ఎంతసేపు పాడతావు అదే ముక్క, పొద్దున పాడిందే బాగుంది కదా" అంది. పొద్దున పాడింది రెండో టేకు. పెట్టి విన్నాను. ఒక చోట శ్రుతి పిసరంత జారింది. కానీ ఆ జారిన చోటే మాటకి అర్థం వచ్చింది. అదే ఉంచాను.

అప్పటినుంచి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. కూర్చున్న ఒక పూటలో గొంతుకి అయిదు టేకులు, అంతే. అయిదూ అయ్యాక వినను, కిందికి దిగిపోతాను. రెండు రోజుల తర్వాత వింటాను, అప్పటికి ఏది ఎన్నో టేకో గుర్తుండదు కాబట్టి పక్షపాతం ఉండదు. ఒక టేకుని మొత్తంగా ఎంచుకుంటాను, మరీ చెడ్డగా ఉన్న ఒకటి రెండు మాటలు మాత్రమే ఇంకో టేకులోంచి తెచ్చి అతికిస్తాను. అక్షరం అక్షరం ఏరి కుట్టిన గొంతు బొంతలాగే ఉంటుంది, ఎంత బాగా కుట్టినా.

ఇక పాట మొత్తానికి గడువు. పల్లవి ట్యూన్ ఫోన్‌లో పడ్డ రోజు నుంచి తొంభై రోజులు. తొంభయ్యో రోజున ఎలా ఉంటే అలా వెబ్‌సైట్‌లోకి వెళ్లిపోతుంది. ఇదొక్కటే నా అద్దె మీటరు. రెండు పాటలు అలా ఈసురోమంటూ వెళ్లాయి, ఒప్పుకుంటాను. అవేంటో చెప్పను. విచిత్రమేంటంటే, ఒకదానికి వచ్చినన్ని మెయిళ్లు నేను ముద్దుగా చెక్కిన వాటికి రాలేదు.

అమ్మ తీర్పులో ఒక సుగుణం ఉంది. ఆవిడ గోడ అవతల నుంచి వింటుంది. గోడ అవతలికి గిటారు తీగల మెరుపు, రివర్బు (ప్రతిధ్వని) సోకు ఏమీ చేరవు. చేరేది ట్యూన్, మాట. వంటింట్లో ఆవిడ తెలియకుండానే కూనిరాగం తీస్తే ఆ పాట నిలబడిందన్నమాట. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉంటారు అలా. వాళ్లని కూర్చోబెట్టి వినిపించకండి. కూర్చోబెడితే మర్యాదకి "బాగుంది" అంటారు.

మిక్సింగ్ ఎక్కడ నేర్చుకున్నారు?

పాడుచేసి నేర్చుకున్నాను. పనికొచ్చినవి కొన్ని చెబుతాను.

రికార్డు చేసేటప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నంత కాలం సౌండు చిన్నగా ఉందని భయపడక్కర్లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పైన తగిలి చిట్లితే మాత్రం బాగుచేయలేం.

మన భాషలో "చాలు", "చుక్క", "చోటు" అన్నప్పుడు పలికే "చ" వేరు, "చీకటి", "చెట్టు"లో "చ" వేరు. మొదటిది పళ్ల దగ్గర పుడుతుంది, "త్స"లాగా. మైక్ ముందు అది "స" కంటే పదునుగా గుచ్చుకుంటుంది. ఆ పదును తగ్గించే డీ-ఎస్సర్ అనే పరికరాన్ని 5 నుంచి 8 వేల హెర్ట్జ్ మధ్య పెట్టి చూడండి. అంతకంటే ముందు మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి తిప్పి పాడి చూడండి.

పూర్తయిన మిక్స్ ఎంత గట్టిగా ఉండాలన్నదానికి ఇప్పుడు పోటీ అనవసరం. స్పాటిఫై లాంటి చోట్ల అన్ని పాటల్నీ మైనస్ 14 లఫ్స్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గరకి తెచ్చి వినిపిస్తారు. మీరు నలిపి నలిపి గట్టిగా చేసి పంపినా వాళ్లు తగ్గించేస్తారు, నలిగింది మాత్రం నలిగినట్టే ఉంటుంది.

చివరి పరీక్ష ఫోన్ స్పీకర్లో. మన శ్రోతల్లో చాలామంది వినేది దాంట్లోనే. ఫోన్‌లో బేస్ వినపడదు, అందుకే మీ పాట ఊపు మొత్తం బేస్ మీద ఆధారపడితే అక్కడ కూలబడుతుంది. కంజిర, చప్పట్లు మోస్తాయి. ఆ తర్వాత ఎవరైనా ఆటో అన్న ఒప్పుకుంటే ఆయన స్పీకర్లలో ఒకసారి. అక్కడ ఉల్టా, బేస్ తప్ప ఏదీ వినపడదు.

ఒకటి గట్టిగా చెబుతాను. అర్ధరాత్రి చేసిన మిక్స్‌ని అర్ధరాత్రే ఎవరికీ పంపకండి.

ఆటోట్యూన్ వాడతారా?

మాటామాటకీ చేత్తో సరిచేస్తాను, ఆటోమేటిక్‌గా వదలను. శ్రుతి తప్పిన స్వరాన్ని సరైన చోటికి లాగేసే ఆ యంత్రానికి గమకం అంటే తప్పు స్వరం. మోహనలో గాంధారాన్ని కాస్త ఊపి పాడితే ఆ ఊపుని ఇస్త్రీ చేసేస్తుంది. జానపదం బాణీకి మరీ ఘోరం.

అన్నమయ్య కీర్తనలు, పాత సినిమా పాటలు నేను పాడి పెట్టుకోవచ్చా?

నేను లాయర్ని కాదు. తెలిసినంతవరకు చెబుతాను.

పాట ఒకటిగా వినిపిస్తుంది గానీ చట్టం దృష్టిలో మూడు ఆస్తులు: సాహిత్యం, ట్యూన్, రికార్డింగ్. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి రెండిటికీ హక్కు, చేసినవాళ్లు బతికున్నంత కాలమూ ఆ తర్వాత 60 ఏళ్లూ. రికార్డింగ్‌కి విడుదలయ్యాక 60 ఏళ్లు.

అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా ఉన్నారు, సాహిత్యం అందరిదీ. తిరకాసు ట్యూన్ దగ్గర ఉంది. రాగిరేకుల మీద కీర్తనకి రాగం పేరు ఉంది గానీ ఆయన పాడిన వరస మనకి అందలేదు. ఇప్పుడు మనం వినే వరసల్లో చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు కట్టినవి. అవి వాళ్ల సంగీతం. కీర్తన పాతదే కదా అని ఆ వరసని ఎత్తి మన పేరు వేసుకోవడం చట్టానికే కాదు, మర్యాదకి కూడా సరికాదు. రాగం ఎవరి సొత్తూ కాదు కాబట్టి మీరు సొంతంగా వరస కట్టుకోండి. నేను ఒకటి కట్టాను, మధ్యమావతిలో. అమ్మకి నచ్చలేదు. ఆవిడకి అలవాటైన వరసే కావాలట.

సినిమా పాటల కవర్లకి, అంటే అదే పాటని మనం మళ్లీ పాడి రికార్డు చేయడానికి, చట్టంలో 31సి అనే సెక్షన్ ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగాలి, ముందే నోటీసు ఇవ్వాలి, కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. మనలాంటి ఇంటి పాటగాళ్లకి అయ్యే పని కాదది. యూట్యూబ్‌లో పెడితే మామూలుగా హక్కుదారు క్లెయిమ్ వేసుకుంటారు, వచ్చే డబ్బు వాళ్లకి వెళ్తుంది. నా సైట్‌లో మాత్రం ఒక్క కవరూ లేదు. అందుకే నాకు ఈ బెంగ లేదు.

మీ పాట ఒకటి కొన్నాళ్లు కనిపించకుండా పోయింది, ఎందుకు?

డబ్బిచ్చి కొన్న డప్పు లూప్ (మళ్లీ మళ్లీ తిప్పి వాడుకునే రెడీమేడ్ రికార్డింగ్ ముక్క) వాడాను. అదే లూప్‌ని నాకంటే ముందు ఇంకెవరో వాడి తమ పాటని రిజిస్టర్ చేసుకున్నారు. యంత్రం రెండూ పోల్చి చూసి నాది కాపీ అంది. పాటల్ని అన్ని యాప్‌లకీ పంపే సంస్థ వారు నా మాట వినకుండా తీసేశారు. కొన్న రసీదు, లైసెన్స్ కాగితం, ప్రాజెక్ట్ స్క్రీన్‌షాట్లు పంపి ఏడు వారాలు తిరిగితే మళ్లీ పెట్టారు. ఆ ఏడు వారాలూ పాట వినిపించిన చోటు ఒకే ఒక్కటి, నా వెబ్‌సైట్. ఇప్పుడు డప్పు నేనే కొడతాను. రాదు. అయినా కొడతాను.

యూట్యూబ్ ఉండగా వెబ్‌సైట్ ఎందుకు దండగ?

పై జవాబే సగం జవాబు. మిగతా సగం ఏంటంటే, యూట్యూబ్‌లో నా పాట అద్దె కొంపలో ఉంటుంది. పాట అయిపోగానే పక్కన ఇంకో వీడియో లాగేస్తుంది. సైట్‌లో పాట కింద పూర్తి సాహిత్యం, ఏ శ్రుతి, ఏ తాళం, గిటారు కార్డులు, మొదట ఫోన్‌లో పాడిన "తననా" ముక్క కూడా పెడతాను. ఆ "తననా" వినడానికే వచ్చేవాళ్లున్నారు. పాట పేజీ పెట్టే రోజు సాహిత్యం టైపు చేస్తుంటే తప్పులు కనిపిస్తాయి కూడా. పాడినప్పుడు దొరకని తప్పు రాతలో దొరుకుతుంది.

వెబ్‌సైట్ ఎవరు చేసిచ్చారు?

నేనే. మొదట ఒకచోట రెడీమేడ్ టెంప్లేట్‌తో కట్టాను. మొదటి ఏడాది చవక, రెండో ఏడాది రెన్యువల్ బిల్లు చూసి కళ్లు తిరిగాయి. సైన్ చేసే ముందు రెన్యువల్ ధర చదవకపోవడం నా తప్పే. ఇప్పుడు ఒక్కో పాటకి ఒక్కో మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ, గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా. డాట్ ఇన్ పేరుకి మాత్రం ఏడాదికోసారి కడతాను.

తెలుగు సైట్ కట్టేవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పులు ఇవి.

సాహిత్యం యూనికోడ్‌లోనే (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) ఉండాలి. నా పాటకి ఒక చరణం రాసిచ్చిన పెద్దాయన డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్స్‌లో కొట్టించి పంపారు. కాగితం మీద ముత్యాల్లా ఉంది, బ్రౌజర్‌లో అతికిస్తే ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. కన్వర్టర్లున్నాయి గానీ ఒత్తులు తారుమారవుతాయి. మళ్లీ కొట్టుకోవడమే నయం.

వరసకీ వరసకీ మధ్య ఇంగ్లీష్‌కి ఇచ్చే ఎడం మనకి చాలదు. కింద ఒత్తులు, పైన గుడులు, రెండూ గుద్దుకుంటాయి. అక్షరం సైజుకి 1.7 రెట్లు ఇస్తున్నాను. పాట పేరుకి రామభద్ర అనే ఫాంటు, మిగతాకంతా ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటే. సంయుక్తాక్షరాల వల్ల తెలుగు ఫాంటు ఫైలు బరువుగా ఉంటుంది, నాలుగు ఫాంట్లు పెడితే పాట కంటే ముందు ఫాంట్లకే డేటా అయిపోతుంది.

"వెబ్‌సైట్" అని కొడితే "వెబ్సైట్" అని పడుతోందా? బ్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం ఒకటి వేయాలి. తెలుగు కీబోర్డుల్లో చాలావాటిలో ఉంటుంది. వెతికి పట్టుకోండి.

సాహిత్యాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో కూడా పెట్టండి. నచ్చకపోయినా పెట్టండి. గూగుల్‌లో మనవాళ్లు వెతికేది ఎక్కువగా అలాగే. పైగా హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియం పిల్లలకీ, డాలస్‌లో మా పిన్ని మనవరాలికీ తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. ఆ పిల్ల ఇంగ్లీష్ అక్షరాల్లో చూసి నా పాట స్కూల్లో పాడింది. ఆ వీడియో చూసినప్పటినుంచి నేను ఈ విషయంలో పట్టుదలకి పోవట్లేదు.

పేజీ తెరవగానే పాట దానంతటదే మోగేలా పెట్టకండి. 2018 నుంచి క్రోమ్ ఎలాగూ అలాంటివి ఆపేస్తోంది, ఆపకపోయినా ఆఫీసులో తెరిచినవాళ్లు తిట్టుకుంటారు. పాట 192 కిలోబిట్ల ఎంపీ3గా పెడతాను. నాలుగు నిమిషాల పాట ఆరు ఎంబీ లోపు వస్తుంది. అసలు వేవ్ ఫైలు కావాలన్నవాళ్లకి కింద లింకు ఉంటుంది.

వెబ్‌సైట్ పేరు కూడా తెలుగులోనే పెట్టొచ్చుగా?

పెట్టొచ్చు, డాట్ భారత్ తెలుగు లిపిలో దొరుకుతుంది. కొన్నాను కూడా. ఎవరికైనా కాపీ చేసి పంపితే కొన్ని యాప్‌లలో తెలుగు పోయి, ఇంగ్లీష్ అక్షరాల పిచ్చి వరస ఒకటి కనిపిస్తుంది. చూసినవాళ్లు అది మోసం లింకనుకుని నొక్కరు. మా కాలేజీ స్టాఫ్ గ్రూపులో నాకు "ఫోన్ హ్యాక్ అయిందేమో చూసుకోండి మేడమ్" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ రెన్యువల్ చేయలేదు.

డబ్బులేమైనా వస్తాయా?

తీగల ఖర్చు వస్తుంది. సైట్‌లో యూపీఐ క్యూఆర్ ఒకటి పెట్టాను, ఇష్టమైనవాళ్లు ఇష్టమొచ్చినంత. అది పెట్టక ముందు విదేశీ సైట్లలో పాటలు అమ్మి చూశాను. వాటిలో కొన్ని పేపాల్ మీద నడుస్తాయి, పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో మనలో మనకి చెల్లింపులు ఆపేసింది. ఇక్కడి శ్రోత ఇక్కడి నాకు డబ్బు పంపడానికి అమెరికా చుట్టి రావాలంటే ఎవరు పంపుతారు? క్యూఆర్‌కి అందరికంటే ఎక్కువగా వచ్చే మొత్తం 116 రూపాయలు. చదివింపుల అలవాటు మనవాళ్లకి ఎక్కడికీ పోలేదు.

ఫైళ్లు ఎలా దాచుకుంటారు?

ఒక ట్రాక్ నిమిషానికి ఎనిమిదిన్నర ఎంబీ పైన. ఇరవై ట్రాకుల నాలుగు నిమిషాల పాట అంటే 700 ఎంబీ దాకా. రెండు హార్డ్ డిస్కులు, ఒకటి మా ఇంట్లో, ఒకటి తమ్ముడి ఇంట్లో. ఒకసారి ఉన్న ఒక్క డిస్కూ మూలిగింది, మూడు పాటల అసలు ట్రాకులు పోయాయి. ఆ మూడూ ఇప్పుడు ఎంపీ3లుగానే మిగిలాయి, మార్చడానికి లేదు. నిజం చెప్పొద్దూ, మార్చలేనని తెలిశాక వాటి మీద నాకు విసుగు పోయింది.

మా పాటకి మ్యూజిక్ చేసిపెడతారా?

చేయలేనండీ. నా వాటికే తొంభై రోజులు చాలట్లేదు. మీ రికార్డింగ్ పంపితే వింటాను. వాట్సాప్‌లో పంపేటట్టయితే డాక్యుమెంట్‌గా పంపండి, వాయిస్ మెసేజ్‌గా పంపితే నలిగిపోతుంది.

ఏఐతో ట్యూన్లు చేయిస్తారా?

లేదు. "తననా" ముక్కలు ఇప్పటికే వందల్లో పడున్నాయి. నాకు ట్యూన్ల కొరత లేదు, ఉన్నవాటిని పూర్తి చేయడానికే నానా తంటాలు పడుతున్నాను.

వాన పాట చివర్లో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, కావాలనే పెట్టారా?

కావాలని కాదు. ఆదివారం పొద్దున తీసిన టేకు అది, అయిదింట్లో నాలుగోది. పాడడం అయిపోయింది, ఆఖరి కార్డు మోత ఇంకా సన్నగా తగ్గుతోంది, అప్పుడు కింద విజిల్ వేసింది. కత్తిరిద్దామంటే తీగ మోత కూడా మధ్యలో తెగుతోంది. మిగతా నాలుగు టేకుల్లో విజిల్ లేదు గానీ గొంతూ లేదు. మూడు రోజులు దాంతో కుస్తీ పట్టాను. ఎనభై తొమ్మిదో రోజు రాత్రి అమ్మకి వినిపించి, "విజిల్ ఉండనివ్వనా, తీసేయనా?" అని అడిగాను.

"ఆ రోజు పప్పు బాగానే ఉడికిందిగా" అంది.